ఖాళీ గిన్నె, మాడిన చాక్లెట్

చాక్లెట్ ఉడికే వాసన ముక్కుకి తగిలితే నేను మొదట చేసే పని, చుట్టుపక్కల ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో కనుక్కోవడం. మా మనవరాలికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. కనిపించనీ, నాకేం.

మొన్న ఎల్బీనగర్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉన్నాను. మనవరాలు ఫోను గోడకి ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో పిల్ల చెబుతుంటే వింటూ, డబ్బా పాలు, కోకో పొడి ఒక గిన్నెలో కలిపి మైక్రోవేవ్‌లో పెట్టింది. "ఫడ్జ్ అమ్మమ్మా, చిటికెలో అయిపోతుంది" అంది. కాసేపటికి ఆ వాసన ఇల్లంతా పట్టింది. నేను లేచి, చెప్పులేసుకుని, వెళ్ళి పక్క ఫ్లాట్ బెల్లు కొట్టాను. ఆవిడ తలుపు తీసింది. "ఇంట్లో అందరూ కులాసానా అమ్మా?" అన్నాను. ఆవిడ బిత్తరపోయి, "బానే ఉన్నామండీ, ఏమైంది?" అంది. ఏమీ కాలేదు, ఊరికే అడిగానని చెప్పి వచ్చేశాను. వచ్చేసరికి మనవరాలు తల పట్టుకుని కూర్చుంది.

"పరువు తీశావు అమ్మమ్మా! ఎందుకలా చేస్తావు?"

"కూర్చో, చెబుతాను" అన్నాను. కూర్చుంది గానీ కళ్ళు ఫోనులోనే ఉన్నాయి. దానికి చెప్పడం దండగ. మీకు చెబుతాను.

మేము అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్ చూసి ఊహించుకోకండి. ఈ కోచింగ్ సెంటర్లూ లేవు, ఈ చీరల షాపులూ లేవు. మెయిన్ రోడ్డు దిగి లోపలికొస్తే మట్టి దారి, ఖాళీ ప్లాట్లలో తుమ్మచెట్లు. ఎల్బీనగర్ వైపంతా ద్రాక్షతోటలే. ఎండాకాలం అటునుంచి గాలి కొడితే పులిసిన ద్రాక్షపళ్ళ వాసనా, పేడ వాసనా కలిసి వచ్చేవి. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు తెల్లారింది మొదలు మా నెత్తిమీదే చక్కర్లు కొట్టేవాళ్ళు. అమ్మ పచ్చడి ఎండబెట్టిన ప్రతిసారీ వాళ్ళని తిట్టేది. వాళ్ళు ఎగిరితే పచ్చడికి ఏమవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. అమ్మది కృష్ణా జిల్లా, కాలవ గట్టు మీదే పుట్టిల్లు. ఇంటివాళ్ళు మాత్రం ఈ నేల మనుషులే. ఆ పక్క ఊళ్ళలో తాతలనాటి పొలాలున్నవాళ్ళు. పైన ఉండేవాళ్ళు. ఇల్లుగలావిడని అమ్మ "వదినగారూ" అనేది, ఆవిడ అమ్మని "వదినె" అనేది. అలా ఆవిడ నాకు పై అత్తయ్య అయింది. ఆవిడ కూతురు నా ఈడుది, నా క్లాసే, నా ప్రాణం. ఆవిడ మామగారు వీధి వీధంతటికీ తాత.

తాతకి పళ్ళు లేవు గానీ నాలిక మాత్రం మహా చురుకు. గేటు పక్కన బండరాయి మీద చుట్ట కాలుస్తూ కూర్చుని, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పేసేవాడు. పెట్టింది తిని ఊరుకునేవాడా అంటే అదీ లేదు. అమ్మ పులిహోర పెడితే "పులుపు సాలలే బిడ్డా" అనేవాడు. కోడలు పప్పు పెడితే "ఉప్పు ఎవలింట్లకెల్లి తెచ్చినవే, గింత పోసినవ్?" అనేవాడు. తిట్టి తిట్టి గిన్నె మాత్రం నాకేసేవాడు.

ఆ రెండు వాటాల మధ్య గిన్నెలు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. పైనుంచి సర్వపిండి, అదే బియ్యప్పిండితో కాల్చే కారపు రొట్టె, వచ్చిందనుకోండి. ఆ గిన్నె తోమి ఊరికే పంపెయ్యకూడదు. అందులో ఏదో ఒకటి పెట్టి పంపాలి. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోయాలి. గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళిందంటే, మీకూ మాకూ ఇంతటితో సరి అని చెప్పినట్టే. ఇది కాలవ గట్టు మీదా అంతే, తుమ్మచెట్ల కిందా అంతే. వంటల్లో ఒక్కటీ కలవని ఆ ఇద్దరాడవాళ్ళకీ ఈ సంగతిలో మాత్రం తేడా లేదు.

ఆ ఎండాకాలం బోరు సరిగ్గా పొయ్యడం లేదు. మోటారు వేసే పని రోజుకొకరిది. ఒకరోజు అమ్మ మోటారు వేసి, వారపత్రికలో సీరియల్ పట్టుకుని కూర్చుని మర్చిపోయింది. టాంకీ నిండి, నీళ్ళు గోడ వెంట జారి, గేటు దాటి వీధిలోకి పారాయి. పై అత్తయ్య పరిగెత్తుకుంటూ దిగి మోటారు ఆపింది.

"కాల్వ గట్టు మీద పుట్టినోళ్ళకు నీళ్ళ గోస ఏం ఎర్క!" అంది.

మా అమ్మ అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది? "అద్దె ఇచ్చి ఉంటున్నామండీ, ముష్టికి కాదు" అంది.

వీధిలో నీళ్ళు పట్టుకునేవాళ్ళు నిలబడి విన్నారు. అత్తయ్య మొహం కందిపోయింది. "మంచిగుంది. ఇగ గట్లనే ఉండుండ్రి" అని మేడెక్కిపోయింది. అమ్మని ఎప్పుడూ నువ్వు తప్ప మీరు అనని మనిషి ఆవిడ. ఆ 'ఉండుండ్రి' అమ్మకి సూటిగా తగిలింది. లోపలికొచ్చి, "అననీ" అంది గానీ ఆ పూట అన్నం తినలేదు.

ఆ రోజు నుంచీ మాటల్లేవు. మాకు వాళ్ళు పైవాళ్ళు అయ్యారు, వాళ్ళకి మేము కిరాయోళ్ళం అయ్యాం. నన్నూ నా స్నేహితురాలినీ మాట్లాడుకోవద్దన్నారు. మేము బుద్ధిగా గేటు దగ్గర మొహాలు తిప్పుకునేవాళ్ళం. మధ్యాహ్నం పెద్దవాళ్ళు నిద్రపోగానే అది పై బాత్రూం కిటికీలోంచి దారం వదిలేది. దారం చివర ఉప్పూకారం అద్దిన మామిడిముక్కల పొట్లం. అది తిని నేను అదే దారానికి వేయించిన చింతగింజలు కట్టేదాన్ని. ఒకరోజు ఆ దారం అత్తయ్య చేతికి చిక్కింది. మర్నాడే నా స్నేహితురాలిని బడి తెరిచేదాకా ఉండమని మేనమామ ఊరికి పంపేశారు. అప్పుడు నేను ఏడిస్తే అమ్మ, "మంచిదేలే, దుమ్ములో ఆడకుండా ఉంటావు" అంది.

తర్వాత ఒకరోజు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. అత్తయ్య, మామయ్య చెరో రెక్కా పట్టుకుని తాతని ఎక్కిస్తున్నారు. తాత తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. అమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూసింది. మామూలప్పుడైతే "ఎక్కడికండీ బాబాయిగారూ ఇంత పొద్దున్నే?" అని అక్కణ్ణుంచే అరిచేది. ఆ రోజు అత్తయ్య చూపు ఇటు తిరగ్గానే కిటికీ రెక్క వేసేసింది. "పొలానికి తీసుకెళ్తున్నట్టున్నారు" అంది నాతో. నేనూ అదే అనుకున్నాను. ఆ తర్వాత పైన అడుగుల చప్పుడు కూడా తగ్గిపోయింది. గేటు పక్క బండరాయి ఖాళీగా ఉండేది.

నాన్నకి గొడవలంటే పడదు. ఆ వాతావరణం ఆయనకి ఊపిరాడనివ్వలేదు. "ఇంటివాళ్ళతో మాటల్లేకుండా ఎన్నాళ్ళుంటాం? బడంగ్‌పేటలో ఒక ఇల్లు చూశాను. ఆదివారం వెళ్ళి మాటిచ్చేసి వస్తా" అన్నాడు. బడంగ్‌పేట అంటే అప్పుడు పొలాల మధ్య నాలుగిళ్ళు. బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. అక్కడికి పోతే నాకు ఈ బడి ఉండదు. నా స్నేహితురాలు ఉండదు. అది ఊరినుంచి తిరిగొచ్చేసరికి మా వాటాకి ఎవరిదో తాళం ఉంటుంది. నేను మంచం కింద దూరి ఏడ్చాను. ఎవరూ బయటికి లాగలేదు.

అమ్మకీ వెళ్ళాలని లేదు. ఉంటే ఆ వారమంతా అన్ని గిన్నెలు పగిలేలా తోమేది కాదు. కానీ పైకి వెళ్ళి "పొరపాటైంది వదినగారూ" అనడం ఆవిడ వల్ల కాదు. ఆ మాట గొంతు దాటి రాదు. వంట మాత్రం ఏదైనా వస్తుంది.

"పైవాళ్ళ గిన్నె మన దగ్గరుండిపోయింది" అంది నాన్నతో. సర్వపిండి వచ్చిన గిన్నె. గొడవకి ముందు రోజు వచ్చింది. "ఇల్లు మారినా మారకపోయినా అది ఇవ్వాలిగా. ఖాళీగా ఎలా ఇస్తాను?"

"ఏదో ఒకటి వేసి ఇవ్వు."

ఏదో ఒకటి ఎలా వేస్తుంది? సున్నుండలు చేస్తే పై అత్తయ్య నెయ్యి తక్కువంటుంది. పూతరేకులు ఒకసారి ఇస్తే కాయితం తిన్నట్టుందని వీధంతా చెప్పింది. ఆవిడ ఎప్పుడూ తినని, వంక పెట్టడానికి ఆవిడకి అందని వస్తువేదో కావాలి. అమ్మ కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు వార్డెనమ్మ ఆదివారాలు చాక్లెట్ ఫడ్జ్ చేసేదట. అమ్మ పక్కన నిలబడి నేర్చుకుందట. "అదీ!" అంది. నాన్న కోఠీ దాకా వెళ్ళి కోకో పొడి డబ్బా తెచ్చాడు. నేను దొంగతనంగా చెంచాడు నోట్లో వేసుకుని, చేదుకి కళ్ళు తేలేశాను. చాక్లెట్ చేసేది దీంతోనా అని నాకు అప్పుడే అపనమ్మకం కలిగింది.

"గిన్నె తిరిగివ్వడానికి ఇంత హంగామానా?" అన్నాడు నాన్న ఆదివారం పొద్దున.

"మీరు సాయంత్రం దాకా ఆగండి. ఈ గిన్నె పైకి వెళ్ళనివ్వండి. ఆవిడ తీసుకుంటే ఉందాం. మొహాన్న కొడితే మీ బడంగ్‌పేటే."

"భోంచేసి బయల్దేరతా. అటూ ఇటూ తిరిగి నిదానంగానే వెళ్తా. వాళ్ళకి మాటిచ్చేలోపల ఏం చేసుకుంటావో చేసుకో" అని, నిజంగానే భోంచేసి చెప్పులేసుకున్నాడు.

అమ్మ పంపు స్టవ్ వెలిగించింది. దళసరి గిన్నెలో పాలు, పంచదార, కోకో పొడి పోసి కలిపింది. అవి మరిగేకొద్దీ గోధుమరంగు నురగ పైకొచ్చింది. అడుగంటకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి. అమ్మ కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచెయ్యి, అదీ నొప్పెడితే నేను. "చెయ్యి ఆపకే! ఆపావంటే పోయిందే!" అని పక్కన నిలబడి నా మీద అరుపులు. పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఒక చుక్క వేసి చూస్తోంది. కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ళతో చుడితే మెత్తటి ఉండ కావాలి. అరిసెల పాకం చూసినట్టే. ఉండ అవగానే దించి, నెయ్యి వేసి, మెరుపు పోయేదాకా కలిపి, పళ్ళెంలో పోసి ముక్కలు కొయ్యాలి. నెయ్యి రాసిన పళ్ళెం పక్కన సిద్ధంగా ఉంది. చింతపండుతో తోమిన పైవాళ్ళ గిన్నె గట్టు మీద మెరుస్తోంది.

వాసన మొదలైంది. పాలూ పంచదారా కోకో కలిసిన ఆ వాసన మా వీధిలో అదివరకెప్పుడూ పుట్టలేదు. కిటికీ దాటి, మెట్లు పట్టుకుని, తిన్నగా మేడ మీదికి పోయింది. "పోనీ, పోనీ! ఆవిడ ముక్కుకి తగలనీ" అని అమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

అప్పుడు పెరటి తలుపు దగ్గర నీడ పడింది. చూస్తే నా స్నేహితురాలు! ఊరినుంచి ఎప్పుడొచ్చిందో. దాని జడలు ఊడిపోయి ఉన్నాయి, కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి నవ్వలేదు. అమ్మనే చూసింది.

"అత్తమ్మా, మీ ఇంట్ల ఏం పండుగని అమ్మ అడుగుతుంది" అంది.

"పండగేమిటే? ఎప్పుడొచ్చావు నువ్వు?"

"పొద్దుగాల. తాతకు మంచిగలేదని మామ తోల్కొచ్చిండు." అది కళ్ళు తుడుచుకుంది. "తాత మలక్‌పేట దవాఖానల ఉన్నడు గదా. ఇగ తమతోని కాదు, ఇంటికి తీస్కపోండ్రి అన్నరట డాక్టర్లు. నాయన జీబుల ఏస్కొని వస్తుండు. అమ్మ ఏడుస్తుంది. మీరేమో... గిట్ల మిఠాయి..."

అంతే, ఏడుస్తూ మెట్లెక్కి పారిపోయింది.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తాత పొలంలో మామిడికాయలు తింటున్నాడనుకున్నాం మేము. ఒకే కప్పు కింద ఉండి, మనిషి చావుబతుకుల్లో ఉన్న సంగతి మాకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? అడిగితే కదా.

"కిటికీలు ముయ్యవే!" అంది అమ్మ హఠాత్తుగా. "ముయ్యి, అన్నీ ముయ్యి!"

మూశాను. మూస్తే వాసన ఇంట్లో సుళ్ళు తిరిగి ఇంకా ఎక్కువైంది. చావు వచ్చే ఇంటికి అమ్మ మిఠాయి వాసన పంపింది. పగవాళ్ళు కూడా చెయ్యని పని. ఆ కంగారులో ఆవిడకి ఏం తోచిందో, చాక్లెట్ గిన్నెని స్టవ్ మీదినుంచి దించకుండానే, పక్కన రాజుకుని ఉన్న కుంపటి మీద మూకుడు పెట్టి, నూనె పోసి, ఇంగువ, ఆవాలు, గుప్పెడు ఎండుమిరపకాయలు అందులో పడేసింది. పోపు ఘాటుతో ఆ తీపి వాసనని కప్పెయ్యాలని! ఇలాంటి ఆలోచన మా అమ్మకి తప్ప ఇంకెవరికీ రాదు. మిరపకాయలు మాడి నల్లటి పొగ లేచింది. నేను దగ్గుతూ గోడకి కూలబడ్డాను. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ములే తుమ్ములు. పైన కూడా ఎవరో దగ్గుతున్నారు. ఇటు గిన్నెలో చాక్లెట్ అడుగంటి చిటపటలాడుతోంది.

మెట్ల మీద దబదబా అడుగులు. పై అత్తయ్య తలుపు తోసుకుని వచ్చింది.

"మా మామ పాణం పోతుంటే మిఠాయిలు వండుతుండ్రు. గది సాలదని మిరపకాయలు మాడగొడుతుండ్రు. ఏం పగ మీకు మా మీద?"

అమ్మ గట్టు మీది గిన్నె తీసి రెండు చేతులతో పట్టుకుంది. "ఇది మీ గిన్నె వదినగారూ. ఖాళీగా ఇవ్వలేక... దీనికోసమే చేస్తున్నాను. బాబాయిగారి సంగతి మాకు తెలియదండీ. మా అమ్మాయి మీద ఒట్టు, తెలియదు."

"తెల్వదా?" అత్తయ్య గొంతు తగ్గిపోయింది. దానికి అరుపుకన్నా ఎక్కువ భయమేసింది నాకు. "ఆటోల ఎక్కిస్తుంటే కిటికీలకెల్లి సూస్తిరి గదా. ఏమైందని ఒక్క మాట అడుగుతరేమో అని నేను ఇటే సూసిన. మీరు తలుపేస్కుంటిరి."

అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి మిరపకాయల వల్ల వచ్చిన నీళ్ళు కాదని అందరికీ తెలుసు. ఇంక అయిపోయింది, సామాను సర్దుకోవడమే అనుకున్నాను నేను.

బయట జీపు హారను మోగింది.

తాతని నవారు మంచంతో సహా దించారు. మనిషి మంచంలో సగం కూడా లేడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మేడ మెట్లు సన్నం, నిటారుగా ఉంటాయి. మంచం తిరగదు. మామయ్యా, ఇంకో ఇద్దరు మగవాళ్ళూ మెట్ల దగ్గర మంచం అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నారు. తాత మూలుగుతున్నాడు. ఎండ మొహాన కొడుతోంది. "బయటనే పండవెడదం, ఏం జేస్తం" అన్నారెవరో.

"బయటేమిటి?" అంది అమ్మ. అప్పటిదాకా లేని గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో. "మా ముందుగదిలోకి తీసుకురండి. ఏమే, ఆ కుర్చీలు లాగు!"

అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దు. కిరాయిచ్చినంక అది మీ ఇల్లు. రేపు ఏమన్న అయితే మీ ఇంట్ల..."

"అయితే అవుతుంది. ఎండలో కాదుగా! తప్పుకోండి వదినగారూ."

అద్దెకున్నవాళ్ళలో ఎవరైనా ఆస్పత్రిలో పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఇంటివాళ్ళని నేను ఈ ఊళ్ళో చాలామందిని చూశాను. తమ గదిలో ఇంటివాళ్ళ చావుకి చోటిచ్చిన అద్దెవాళ్ళు మాత్రం నాకు మా అమ్మ ఒక్కతే తెలుసు. ఆ మాట చెప్పుకునేటప్పుడు నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది. ఉండనివ్వండి.

నాన్న పడక్కుర్చీ, నా పుస్తకాల బల్ల పెరట్లోకి పోయాయి. తాతని కిటికీ కింద పడుకోబెట్టారు. గదినిండా చాక్లెట్, మిరపపొగ, ఇంగువ. తాత దగ్గాడు. ఆ దగ్గుకి అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. విసనకర్ర తీసుకుని తల దగ్గర కూర్చుని విసిరింది. అవతలివైపు అత్తయ్య చెంచాతో తులసినీళ్ళు పోస్తోంది. ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. నేనూ నా స్నేహితురాలూ ఆయన పాదాల దగ్గర కూర్చున్నాం. అది నా వేలు పట్టుకుంది. ఎవరూ వద్దనలేదు.

కాసేపటికి తాత ముక్కుపుటాలు కదిలాయి. కళ్ళు తెరిచాడు.

"ఏందే... వాసన?" అన్నాడు.

అమ్మ తల వంచుకుంది. అత్తయ్య ఆయన చెవి దగ్గరికి వంగి, "చాక్లెటు మామా. కింద వండిండ్రు" అంది.

"తే" అన్నాడు.

అత్తయ్య అమ్మ వైపు చూసింది. అన్ని రోజుల్లో మొదటిసారి తిన్నగా చూసింది. "తే వదినె, జరంత" అంది.

"మాడిపోయింది వదినగారూ, అదెలా పెడతాను..."

"తే అన్నడు గదనే!"

అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. గిన్నెలో నల్లగా, జిగురుగా, అడుగంటి ఉందది. పైపైన ఉన్నది చెంచాతో తీసి, ఊది, చల్లార్చి తెచ్చింది. అత్తయ్య దాన్ని చిటికెన వేలికి రాసుకుని ఆయన నాలిక మీద పెట్టింది. గదిలో అందరం ఆ బోసినోటినే చూస్తున్నాం. దవడ మెల్లగా ఆడింది. ఆగింది. మళ్ళీ ఆడింది. మింగగలడో లేదో. మింగాడు.

"మాడింది" అన్నాడు.

అత్తయ్యకి నవ్వొచ్చింది. నవ్వుతూనే బావురుమంది. అమ్మ ఏడుస్తూ, "చెప్పానుగా మాడిందని, చెప్పానుగా" అంటోంది. తాత మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు. దీపాల వేళ కాకముందే ఆ ఛాతీ ఎగరడం ఆగిపోయింది.

కబురు వెళ్ళింది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వాళ్ళ ఆడవాళ్ళు ఏడుస్తూ దిగారు. మా గది చాలక వరండా నిండింది. అత్తయ్య తాత తల ఒళ్ళో పెట్టుకుని శోకం మొదలుపెట్టింది. మా వైపు ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని లోలోపల ఏడుస్తారు. ఇక్కడ అలా కాదు. పోయిన మనిషి బతుకంతా, చేసిన మేలూ పడ్డ పాట్లూ, రాగం తీసి, పేరుపేరునా చెప్పి ఏడుస్తారు. ఆ శోకంలో అయినవాళ్ళందరూ వస్తారు. పొలం వస్తుంది, ఎద్దులొస్తాయి, వియ్యాలవారొస్తారు. కానివాళ్ళు రారు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతమంది వాళ్ళ మనుషుల మధ్య ఎటు కూర్చోవాలో తెలియక అలా నిలబడిపోయింది. నేను ఆవిడ పక్కన ఉన్నాను. నాన్న అప్పుడే బడంగ్‌పేటనుంచి తిరిగొచ్చాడు. గేటు దగ్గర జనాన్ని చూసి కంగారుగా లోపలికొచ్చి, గుమ్మంలో చెప్పులతోనే ఆగిపోయాడు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది, మాటిచ్చేసి వచ్చాడని.

అత్తయ్య శోకంలో ఎద్దులొచ్చాయి, నాదర్‌గుల్ చెలక పొలాలొచ్చాయి, చిన్నప్పుడే పోయిన ఆడబిడ్డ వచ్చింది. అంతలో ఆ గొంతు మా వైపు తిరిగింది.

"కింది వదినె వండిందని అడిగి తింటివా మామా... మాడిందని వంక వెట్టి పోతివా మామా... వదినె ఇంట్లనే కన్ను మూస్తివా మామా... వదినెకేం జవాబు చెప్పాల్నే నా మామా..."

మా అమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. అంత గట్టిగా ఆవిడ ఏడవగా నేను ఎప్పుడూ వినలేదు. తన తండ్రి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదట. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. అమ్మ వెళ్ళి పడిపోయినట్టు కూర్చుంది. అత్తయ్య ఒక చేత్తో ఆవిడ మెడ చుట్టేసింది. ఆ భుజం మీదినుంచి అమ్మ గుమ్మంలో ఉన్న నాన్నని చూసి, ఏడుస్తూనే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నాన్న వచ్చిన చెప్పులతోనే వెనక్కి తిరిగి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి బయల్దేరాడు. ఆ వేళ బస్సుందో లేదో కూడా చూసుకోలేదు.

నా పెళ్ళయి వెళ్ళేదాకా మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ అయిదంతస్తుల షాపులున్నాయి. అమ్మా లేదు, అత్తయ్యా లేదు. ఈ ఊళ్ళో పుట్టి ఇంత వయసొచ్చినా, నా యాస విని జనం ఇంకా అడుగుతూనే ఉంటారు, మీది ఏ ఊరండీ అని. దిల్‌సుఖ్‌నగర్ అంటాను. అది కాదండీ, అసలు ఊరు? అంటారు.

అసలుదే చెప్పాను అంటాను.